వేడి లెక్క తేలాకే మిగతా మాట

అందరికీ నమస్కారం.

వంద వాట్ల కరెంట్ తీసుకొని మూడు వందల వాట్ల వేడి ఇస్తుందని ఎవరైనా ఒక యంత్రం తెచ్చి మన ముందు పెట్టారనుకోండి. హాల్లో సగం మంది శక్తి ఊరికే పుట్టదనే థర్మోడైనమిక్స్ సూత్రాలు గుర్తు చేస్తారు. మిగతా సగం మంది సైన్స్‌కి తెలియనివి ఇంకా ఎన్నో ఉన్నాయంటారు. వాదన గంటలు గంటలు సాగుతుంది. ఆ మూడు వందల వాట్లు అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. నేను ఉద్యోగమంతా వేడిని కొలిచే కెలోరీమీటర్ల దగ్గర, బాయిలర్ల దగ్గర చేసినవాణ్ణి. ఈ రంగంలో వచ్చిన పెద్ద వివాదాలు చాలావరకు ఆ అంకె దగ్గరే పుట్టాయి. అందుకే ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

ముందుగా ఒక జాగ్రత్త. వంద తీసుకొని మూడు వందలు ఇచ్చే యంత్రం ఇప్పటికే బజారులో దొరుకుతుంది. దాని పేరు హీట్ పంప్. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడుతుంది. కాబట్టి యంత్రం చుట్టూ ఒక గీత గీసుకొని, ఆ గీత దాటి లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ప్రతిదీ రాసుకోవాలి. కరెంట్, నీళ్లు, గాలి, గ్యాస్, అన్నీ. గీత ఎక్కడ ఉందో చెప్పలేని పరీక్షను నేను పరీక్ష అనను.

ఇప్పుడు ఆవిరి సంగతి. 2011 జనవరిలో ఇటలీలోని బొలోన్యాలో ఆండ్రియా రోసీ అనే ఆయన, సెర్జియో ఫోకార్డీ అనే భౌతిక శాస్త్రవేత్తతో కలిసి ఈ-క్యాట్ అనే యంత్రాన్ని ప్రదర్శించారు. నికెల్ పొడి, హైడ్రోజన్ కలిసి లోపల ఏదో అణుచర్య జరుగుతోందని, అందుకే పెట్టిన కరెంట్‌కి ఎన్నో రెట్లు వేడి వస్తోందని చెప్పారు. చల్లటి నీళ్లు లోపలికి వెళ్తాయి, ఆవిరి బయటికి వస్తుంది. చూసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? నిజానికి చిక్కంతా అక్కడే ఉంది.

నా సొంత అంకెలతో లెక్క చెబుతాను, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. గంటకు 6 కిలోల నీరు 20 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్తోంది. దాన్ని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 560 వాట్లు చాలు. ఆ 6 కిలోలనూ పూర్తిగా ఆవిరి చేయాలంటే ఇంకో 3,760 వాట్లు కావాలి, ఎందుకంటే నీటి గుప్తోష్ణం, అంటే మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి పట్టే వేడి, కిలోకు 2,257 కిలోజౌళ్లు. అంటే మొత్తం 4,300 వాట్ల పైచిలుకు. బయటికి వచ్చే గొట్టంలో థర్మామీటర్ పెడితే ఈ రెండు సందర్భాల్లోనూ అది చూపించేది 100 డిగ్రీలే. 560 నుంచి 4,300 దాకా ఎక్కడైనా ఉండవచ్చు, థర్మామీటర్‌కి తేడా తెలియదు. ఎనిమిది రెట్ల లాభం అనుకున్నది ఒట్టి వేడినీళ్లు కావచ్చు.

కళ్లతో చూస్తే తెలియదా అని అడుగుతారు. తెలియదు. వంద డిగ్రీల దగ్గర ఒక కిలో ఆవిరి దాదాపు 1,670 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. తూకంలో నూటికి 1 వంతు మాత్రమే ఆవిరై, మిగతా 99 వంతులు నీళ్లుగానే ఉన్నాయనుకోండి. అప్పుడు కూడా గొట్టంలో నూటికి 94 వంతుల చోటు ఆవిరిదే. చూసేవాడికి మొత్తం ఆవిరే కనిపిస్తుంది. 2011లో ఆవిరి పొడిగా ఉందని చూపించడానికి గాలిలో తేమ కొలిచే ప్రోబ్ వాడారు. ఆ ప్రోబ్ ఆవిరితో పాటు కొట్టుకొచ్చే నీటి తుంపరలను తూకం వేయలేదు. అది ఆ పని కోసం చేసిన పరికరమే కాదు.

ఇంకొందరు 'మా దగ్గర 101 డిగ్రీలు చూపించింది, నీళ్లుంటే 100 దాటదు కదా, కాబట్టి ఇది పొడి ఆవిరే' అంటారు. మరిగే ఉష్ణోగ్రత పీడనంతో పాటు మారుతుంది. గొట్టం పైకి వంగి, అందులో 37 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే చాలు, లోపల నీళ్లు 101 దగ్గర మరుగుతాయి. ఒక్క డిగ్రీని సాక్ష్యంగా తీసుకోలేం.

మరి ఏం చేయాలి? దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక డ్రమ్ములో 20 కిలోల నీళ్లు తూచి పోయండి, 25 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. చుట్టూ థర్మాకోల్ కట్టండి. ఆవిరి గొట్టాన్ని అందులో ముంచి పది నిమిషాలు వదలండి. ఇందాకటి లెక్కలో అప్పటికి ఒక కిలో వస్తుంది. వచ్చింది వేడినీళ్లే అయితే డ్రమ్ము 28 లేదా 29 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మొత్తం ఆవిరే అయితే 54 దాకా వెళ్తుంది. చెయ్యి పెట్టి చూసినా తెలిసిపోతుంది. వచ్చిన తడి ఎంత, ఆవిరి ఎంత అని విడిగా తేల్చాల్సిన పనే లేదు, డ్రమ్ము రెండింటినీ కలిపి లెక్క కట్టేస్తుంది. ఇంత సులువైన పరీక్ష ఉండగా, ప్రోబ్‌ల మీద, ఫొటోల మీద నెలల తరబడి వాదించుకున్నారంటే నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ కాలమంతా ఎవరికీ తిరిగి రాదు.

అసలు ఆవిరి రానివ్వకుండా నీటి వేగం పెంచి వేడినీళ్లుగానే తీసుకోవడం ఇంకా మంచిది. అయితే అందులోనూ జాగ్రత్తలున్నాయి. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారుతుంటే, లోపలికి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ ఒక్క డిగ్రీ తేడా అంటే 70 వాట్లు. ఉష్ణోగ్రత కొలిచే సాధారణ కె-టైప్ థర్మోకపుల్‌కి తయారీదారు ఇచ్చే హామీయే 2.2 డిగ్రీల అటూ ఇటూ. రెండు పెడితే, రెండూ చెరోవైపు తప్పితే, 300 వాట్లు గాల్లోంచి పుట్టుకొస్తాయి. మంచి ప్లాటినం సెన్సర్లు, క్లాస్-ఎ రకం పీటీ-100, వాడండి. పరీక్షకు ముందు రెండింటినీ ఒకే నీళ్లలో పెట్టి తేడా రాసుకోండి. పరీక్ష మధ్యలో వాటి చోట్లు మార్చండి, లోపలిది బయటికి, బయటిది లోపలికి. లాభం అలాగే ఉంటే మంచిదే. తగ్గితే అది సెన్సర్ల లాభం, యంత్రానిది కాదు. బయటికి వచ్చే వైపు సెన్సర్ వేడి లోహాన్ని తాకకుండా నీటి మధ్యలో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

నీటి ప్రవాహం కొలిచే మీటర్లు కూడా పైపు నిండుగా పారుతుంటేనే నిజం చెబుతాయి. అదే రోసీ యంత్రాన్ని అమెరికాలో, ఫ్లోరిడాలో, ఒక మెగావాట్ ప్లాంటుగా ఏడాది పాటు నడిపారు. డబ్బు దగ్గర గొడవ వచ్చి 2016లో మయామీ కోర్టుకు వెళ్లారు. ఆ కేసులో పైపు నిండుగా పారిందా, సగమే పారిందా అన్నది కూడా వాదనకు వచ్చింది. 2017 జూలైలో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, యంత్రం పని చేసిందా లేదా అన్నది కోర్టు తేల్చలేదు. నిజం చెప్పాలంటే అది కోర్టులో తేలే విషయం కాదు. బయటికి వచ్చే నీటిని ఒక తొట్టిలో పట్టి, స్టాప్‌వాచ్ పెట్టి, కాటా మీద తూచితే తేలుతుంది. మీటర్ ఎంత ఖరీదైనదైనా సరే, రోజుకొకసారి ఈ తూకంతో సరిచూడండి.

ఇక లోపలికి వెళ్లే కరెంట్. ఇక్కడ తప్పు జరిగితే వేడి ఎంత బాగా కొలిచినా వృథా. కొత్త యంత్రాల్లో చాలావాటికి కరెంట్ మామూలుగా ఇవ్వరు. స్పార్కులు, పల్సులు, థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో కోసిన తరంగాలు. ఒక ఉదాహరణ చెబుతాను. 100 వోల్టులు, 10 ఆంపియర్ల పల్సు, వంద భాగాల కాలంలో ఒక్క భాగం మాత్రమే ఆన్‌లో ఉంటుంది. సగటు వోల్టేజీ చూపించే మీటర్ 1 వోల్టు అంటుంది. సగటు కరెంట్ మీటర్ 0.1 ఆంపియర్ అంటుంది. గుణిస్తే 0.1 వాట్. అసలు వెళ్లింది ఎంత? పల్సు ఉన్నంతసేపు 1,000 వాట్లు, అందులో నూరోవంతు, అంటే 10 వాట్లు. వంద రెట్లు తేడా! వందరెట్ల లాభం అని రాసిన కాగితం నా ముందుకొస్తే నేను మొదట వెతికేది ఇదే. ప్రతి క్షణానికీ వోల్టేజీని, కరెంట్‌ని గుణించి, ఆ గుణకారానికి సగటు తీసే పవర్ అనలైజర్ వాడాలి. దానికి కూడా పల్సుల వేగాన్ని అందుకునే సత్తా ఉండాలి. బజారులో దొరికే సాధారణ క్లాంప్ మీటర్ డీసీ కరెంట్‌ను అసలు చూడనే చూడదు.

ఇంకా తేలికైన దారి ఉంది. పల్సులు తయారు చేసే పెట్టెను కూడా గీత లోపలికి తీసుకోండి. గోడ ప్లగ్గు దగ్గర, లేదా బ్యాటరీ దగ్గర, తరంగం శుభ్రంగా ఉన్నచోట కొలవండి. ఆ పెట్టెలో వృథా అయ్యే వేడి కూడా కెలోరీమీటర్‌లోనే పడేలా చూడండి. అప్పుడు ఎవరితోనూ తరంగాల గురించి వాదించాల్సిన అవసరం ఉండదు.

ఇప్పుడు ఈ రంగానికి పేరు తెచ్చిన, మచ్చ కూడా తెచ్చిన సంఘటన. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ పాన్స్, మార్టిన్ ఫ్లైష్‌మన్ పత్రికల వారిని పిలిచి, గాజు పాత్రలో గది ఉష్ణోగ్రత దగ్గరే కేంద్రక సంలీనం, అంటే పరమాణు కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం, సాధించామన్నారు. పల్లాడియం కడ్డీ, భారజలం, కరెంట్. భారజలం అంటే మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు, మన మణుగూరు దగ్గర తయారయ్యేదే. మన దేశంలోనూ ఆ వారాల్లోనే భాభా అణు పరిశోధన కేంద్రంలో పి.కె. అయ్యంగార్, ఎం. శ్రీనివాసన్ బృందాలు ప్రయోగాలు మొదలుపెట్టాయి. వాళ్లు ఎక్కువగా సంలీనం జరిగితే వెలువడే న్యూట్రాన్ల మీద, ట్రిటియం అనే ఇంకా బరువైన హైడ్రోజన్ మీద దృష్టి పెట్టారు. యూటా వారి వాదన మాత్రం ప్రధానంగా వేడి మీద నిలబడింది.

ఆ ఇద్దరూ తక్కువవాళ్లేమీ కారు. ఫ్లైష్‌మన్ ఆ కాలంలో ప్రపంచంలోనే పేరున్న విద్యుత్ రసాయన శాస్త్రవేత్త. అయినా వారి పాత్ర మూత లేనిది. అందులో కరెంట్ వెళ్తే భారజలం విడిపోయి డ్యుటీరియం, ఆక్సిజన్ వాయువులుగా బయటికి పోతాయి, తమతో పాటు కొంత శక్తిని పట్టుకుపోతాయి. ఆ శక్తిని లెక్కలోంచి తీసేయాలి. భారజలానికి అది ఆంపియర్‌కు 1.54 వాట్లు. సరే, 4 వోల్టులు, అర ఆంపియర్ అనుకోండి. పెట్టింది 2 వాట్లు. వాయువులతో పోయేది 0.77. పాత్రలో వేడిగా మిగలాల్సింది 1.23 వాట్లు. ఇప్పుడు ఆ వాయువులు బయటికి పోకుండా, పాత్రలోనే మళ్లీ కలిసి నీరయ్యాయనుకోండి. ఆ 0.77 వాట్లూ వేడిగా అక్కడే దిగుతాయి. కొలత 2 వాట్లు చూపిస్తుంది, మనం 1.23 ఆశిస్తున్నాం. నూటికి 60 పైన లాభం! అణువులు ఏమీ సంలీనం కాలేదు, నీరు విడిపోయి మళ్లీ కలిసింది, అంతే. అన్ని ఫలితాలకూ ఇదే కారణమని నేను అనడం లేదు. పల్లాడియం మీద పని చేసేవాళ్లు దీనికి సమాధానాలు కూడా చెప్పారు. కానీ దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. అర ఆంపియర్ ఒక రోజంతా నడిస్తే దాదాపు 4.5 గ్రాముల భారజలం విడిపోవాలి. మీరు రోజూ పోయాల్సి వచ్చింది అంతకంటే తక్కువైతే, మిగతాది లోపలే మళ్లీ కలిసింది.

రెండో చిక్కు, పాత్రలో నీరు కలియబెట్టడం. అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో నేథన్ లూయిస్ బృందం అదే ప్రయోగం చేసి, కలియబెట్టకపోతే పాత్రలో ఒక్కోచోట ఒక్కో ఉష్ణోగ్రత వస్తుందని, థర్మామీటర్ ఎక్కడ పెడితే లాభం అంత అని 1989 మేలో బాల్టిమోర్‌లో భౌతిక శాస్త్రవేత్తల సభలో చెప్పింది. బుడగలే బాగా కలుపుతాయని యూటా వారు వాదించారు. బ్రిటన్‌లోని హార్వెల్ ప్రయోగశాల ఎంతో శ్రద్ధగా చేసిన కొలతల్లో ఏమీ దొరకలేదు. ఇటీవల గూగుల్ డబ్బుతో 2015 నుంచి 30 మంది దాకా శాస్త్రవేత్తలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 2019లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. కోల్డ్ ఫ్యూజన్‌కి, అంటే గది ఉష్ణోగ్రత దగ్గరి సంలీనానికి, ఆధారం దొరకలేదు. అయితే ఆ పనిలో భాగంగా కష్టమైన పరిస్థితుల్లో కూడా పని చేసే మంచి కెలోరీమీటర్లు తయారయ్యాయి. ముప్పై ఏళ్ల గొడవలో ఇది చాలా విలువైన పని అని నా నమ్మకం.

వాయువుల చిక్కు తప్పించడానికి పాత్రను మూసి, ఉత్ప్రేరకం పెట్టి లోపలే కలిపేస్తారు. పద్ధతి మంచిదే. కానీ ఇక్కడున్న పిల్లలకు గట్టిగా చెబుతున్నాను, ఇంట్లో చేయకండి. 1992 జనవరి 2న కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో అలాంటి మూసిన పాత్ర పేలి ఒక శాస్త్రవేత్త చనిపోయారు. చాలా అనుభవం ఉన్నవాళ్ల ప్రయోగశాల అది.

మూడో ఉదాహరణ చెప్పి పద్ధతి దగ్గరికి వస్తాను. 2014లో రోసీ యంత్రాన్ని స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 32 రోజులు నడిపి, ఇటలీ, స్వీడన్ ఆచార్యులు నివేదిక ఇచ్చారు. ఈసారి నీళ్లు లేవు. అల్యూమినా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన గొట్టం ఎర్రగా కాలుతుంటే థర్మల్ కెమెరాతో ఉష్ణోగ్రత కొలిచి, దాన్నిబట్టి వేడి లెక్క కట్టారు. పెట్టినదానికి మూడు రెట్లకు పైగా వచ్చిందన్నారు. కెమెరా నేరుగా ఉష్ణోగ్రతను చూడదు. వస్తువు నుంచి వచ్చే కిరణాలను చూస్తుంది, ఆ పదార్థం ఎంత బాగా కిరణాలను వెదజల్లుతుందో మనం చెబితే దాన్నిబట్టి ఉష్ణోగ్రత లెక్కేస్తుంది. ఈ గుణాన్నే ఎమిసివిటీ అంటాం. ఆ వేడి దగ్గర అల్యూమినాకు అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిపి చూస్తే ఇది 0.4 చుట్టుపక్కల ఉంటుంది. కానీ ఆ కెమెరా చూసే 7.5 నుంచి 13 మైక్రాన్ల మధ్య అది 0.95 దాకా ఉంటుంది. కెమెరాకి చెప్పాల్సింది రెండోది, చెప్పింది మొదటిది. దాంతో కెమెరా ఉష్ణోగ్రతను కొన్ని వందల డిగ్రీలు ఎక్కువ చూపించింది. తర్వాత వేరేవాళ్లు అలాంటి గొట్టాలే చేసి, మామూలు హీటర్‌తో వేడి చేసి దీన్ని చూపించారు. ఉష్ణోగ్రత తప్పితే రేడియేషన్ ఎంత తప్పుతుందో చూడండి, అది కెల్విన్లలో లెక్కించిన ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 800 డిగ్రీలను 1,000 అనుకుంటే లెక్కలో వేడి దాదాపు రెట్టింపవుతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇది. వాళ్లు లోపల ఇంధనం లేకుండా ఖాళీ గొట్టాన్ని కూడా నడిపారు. కానీ 500 వాట్ల లోపే ఆపేశారు. అసలు పరీక్ష 800, 900 వాట్ల దగ్గర జరిగింది. ఖాళీ గొట్టాన్ని కూడా 900 వాట్ల దాకా తీసుకెళ్లి ఉంటే, అక్కడ కూడా మూడు రెట్లు 'లాభం' కనిపించి ఉండేది. ఆ రోజే తప్పు బయటపడేది.

సింగరేణి బొగ్గు పరీక్షించే ల్యాబుల్లో పని చేసినవాళ్లకి ఇది అలవాటైన విషయం. బొగ్గుకి ధర కట్టేది దాని కేలరీలను బట్టి, 300 కిలోకేలరీలకు ఒక గ్రేడ్ మారుతుంది. అందుకే బాంబ్ కెలోరీమీటర్‌లో, అంటే మూసిన ఉక్కు పాత్రలో కాల్చి వేడి కొలిచే పరికరంలో, ముందు బెంజోయిక్ ఆమ్లం మాత్ర కాలుస్తారు. దాని వేడి గ్రాముకు 6,318 కేలరీలని ముందే తెలుసు. పరికరం ఆ అంకె సరిగా చెప్పాకే దాంట్లో బొగ్గు పెడతారు. టన్ను బొగ్గుకి ఇంత జాగ్రత్త పడుతుంటే, ప్రపంచాన్ని మార్చేస్తుందని చెప్పే యంత్రానికి ఇంకెంత పడాలి?

మన యంత్రాలకి బెంజోయిక్ ఆమ్లం అంటే మామూలు కరెంట్ హీటర్. యంత్రం ఉండే చోటే, అదే ఆకారంలో, అదే బరువుతో ఒక ఉత్త హీటర్ పెట్టండి. అదే కరెంట్ సరఫరా నుంచి, అదే తీగలతో, అదే నీటి ప్రవాహంతో నడపండి. పరీక్షలో ఎంత దాకా వెళ్లాలనుకుంటున్నారో అంతకంటే కొంచెం పైదాకా తీసుకెళ్లండి. 200 వాట్లు పెడితే మీ కెలోరీమీటర్ 200 చెబుతోందా? 500 పెడితే? ఇంకొకటి, మీ హీటర్‌కి కూడా యంత్రానికి ఇచ్చే పల్సులే ఇవ్వండి. నేను ఇందాక చెప్పిన తప్పుల్లో ముప్పాతిక భాగం ఈ ఒక్క పనితో బయటపడతాయి, అవేమిటో మనకు ముందే తెలియకపోయినా సరే. యంత్రాన్ని పరీక్షించిన తర్వాత మళ్లీ ఒకసారి హీటర్ పెట్టి చూడండి, ఎందుకంటే సెన్సర్లు, ఇన్సులేషన్ మధ్యలో మారిపోతుంటాయి.

కరెంట్ తీసేసినా వేడి వస్తూనే ఉందని చూపించేవారికి ఒక లెక్క. 10 కిలోల ఉక్కు, గది వేడికంటే 500 డిగ్రీలు పైన ఉంటే, అందులో దాదాపు 2,450 కిలోజౌళ్లు దాగి ఉంటాయి. కిలోవాట్ చొప్పున 40 నిమిషాలు ఇవ్వగలదు. అందుకే లెక్క చల్లటి యంత్రంతో మొదలై, మళ్లీ చల్లబడ్డాక ముగియాలి. వాట్లు కాదు, మొత్తం జౌళ్లు కావాలి. పరీక్ష ఎంత కాలం నడపాలంటే, యంత్రం బరువంతా పెట్రోలే అనుకున్నా అంత శక్తి రాదు అనే దాకా. కిలో పెట్రోల్‌లో సుమారు 12.8 కిలోవాట్ అవర్ ఉంటుంది. నికరంగా అంతకు మించి వస్తే లోపల రసాయనం ఏదో ఉందన్న అనుమానం దానంతటదే పోతుంది.

ఇక ప్రశ్నలు.

'లాభం ఎంత ఉంటే నమ్మాలి సార్? 5 శాతం చాలా?' అని అక్కడ అబ్బాయి అడిగారు. మీ హీటర్‌ని అడగాలి బాబూ. 100 వాట్ల హీటర్‌ని పలుమార్లు నడిపితే మీ కెలోరీమీటర్ ఒకసారి 96, ఒకసారి 103, ఇంకోసారి 99 చెబుతోందనుకోండి. అప్పుడు యంత్రం దగ్గర 105 వస్తే దానికి అర్థం లేదు. హీటర్ ప్రతిసారీ 99.8 నుంచి 100.2 లోపే ఉంటే, అదే 105 చాలా పెద్ద విషయం. ఆ రోజు నాకు ఫోన్ చేయండి, నేనే వస్తాను.

వెనక వరుసలో ఆయన అడిగింది, 'యంత్రం నాది, రహస్యం లోపలుంది, విప్పి చూపించమంటే ఎలా?' అని. విప్పక్కర్లేదండీ. సీలు వేసి ఇవ్వండి, మీ రహస్యం మీ దగ్గరే ఉంటుంది. కానీ పరీక్ష మొదట్లో, చివర్లో దాన్ని తూస్తాం. నీళ్లు, సెన్సర్లు, మీటర్లు, కరెంట్ అన్నీ పరీక్షించేవారివే ఉంటాయి. యంత్రానికి వెళ్లే ప్రతి తీగా మీటర్ గుండానే వెళ్తుంది. ఎర్త్ తీగ కూడా.